కొసరు

పోర్ట్ కెంబ్లాలో జూలై చలి, తొంభయ్యో సంవత్సరం.
యూనియన్ హాల్లో హీటరుకి ఒక కడ్డీయే ఎర్రబడుతుంది.
రెండోది బాగుచేయించాలని మార్చిలోనే తీర్మానించాం.
ఆ తీర్మానం రాసింది నేనే.
అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని
మినిట్స్ పుస్తకం నా నెత్తిన పెట్టారు.
మిల్లులో ఎలక్ట్రీషియన్ని,
ఇక్కడ గుమాస్తాని.

కిటికీ నిండా కొలిమి ఎరుపు.
గాలి ఎటు తిరిగిందో చూసుకునిగాని
ఈ ఊళ్ళో బట్టలారెయ్యరు.
యూనియన్లూ అంతే, అంటాడు బ్లాగోయా.

ఐదో అంశం: చిలీ నుంచి ఉత్తరం.

నోల్వియా లేచి నిలబడింది.
క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది.
ఒకప్పుడు తొమే ఊళ్ళో
మూడొందల మగ్గాల్ని ఒక్క ఈలతో ఆపింది.
పదిహేడేళ్ళ కిందట ఆ మిల్లు గేటు దగ్గర
సైనికులు నిలబడ్డారు.
ఇప్పటికీ ఏ గేటులోంచైనా
పక్కకి ఒరిగే నడుస్తుంది.

తమ్ముడు అలీరో రాశాడు:
“అక్కా, సంతకాలయ్యాయి.
ప్రభుత్వం, యజమానులు, మనవాళ్ళు,
ఒకే బల్ల, ఒకే కూజాలో నీళ్ళు.
కనీస వేతనం కాస్త పెరిగింది.
సమ్మె మాట మాత్రం కొన్నాళ్ళు ఎత్తొద్దట.
పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లోలా
అందరం గుసగుసగా మాట్లాడుకుంటున్నాం.
బల్లకి నాలుగోవైపు ఒక ఖాళీ కుర్చీ.
దిగిపోయినవాడు
టోపీ దానిమీదే మర్చిపోయాడు.
సంతకం పెట్టేటప్పుడు
కాగితం వైపు ఎవరూ చూడలేదు.”

డెస్ చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం.
ప్రజాస్వామ్యం వచ్చిందంటే కొట్టకుండా ఎలా?
నోల్వియా ఉత్తరాన్ని మడతపెడుతూనే ఉంది
బస్సు టికెట్టంత అయ్యేదాకా.
“మంచి బేరమేనా?” అంది.
ఎవర్ని అడిగిందో తెలీలేదు.

మాకూ ఉందొక బేరం.
జీతాలు పెంచమని పట్టుబట్టం,
బదులుగా వైద్యం కార్డివ్వండి అన్నాం.
ఆ కార్డుతోనే బ్లాగోయా మోకాలు నిలబడింది.
ఆ ఏళ్ళలోనే మా షెడ్డులో
సగం లాకర్లకి పేర్లు పోయాయి.
మోకాలు నిజం.
లాకర్లూ నిజం.
ఏది ఏ తట్టలో వెయ్యాలో, ముల్లు ఎటు చూపాలో
నాకిప్పటికీ తెలీదు.

అప్పుడు నోరు జారాను.
రాసేవాడు మాట్లాడకూడదని రూలు.
“మా అనకాపల్లి సంతలో
బేరం తెగాక కూడా చెయ్యి వెనక్కి తియ్యం.
వీశె వంకాయలు తూచి పోశాక
పైన ఇంకొకటి పడాల్సిందే.
కొసరు అంటాం దాన్ని.
దయా కాదు, దానమూ కాదు.
అడక్కుండా వెళ్ళిపోతే
అమ్మినవాడే చిన్నబుచ్చుకుంటాడు.”

నోల్వియా నవ్వింది.
ఆ నవ్వులో ఒక పన్ను లేదని అప్పుడే చూశాను.
“యాపా! మా సంతలో దాన్ని యాపా అంటారు.”
బ్లాగోయాకి తన భాషలో మాట అందక
గాల్లో గుప్పెడు పోసి చూపించాడు.
“డజనుకి పదమూడో రొట్టె,” అన్నాడు డెస్,
“మా తాత బేకరీలో. అది కూడా ఎప్పుడో ఆగిపోయింది.”

తీర్మానం: అలీరోకి జవాబు రాయాలి.
సంతకం అయింది, సరే.
పెన్నుకి మూత పెట్టొద్దు.
ఆ టోపీ తీసి కొక్కేనికి తగిలించి
మీలో ఒకరు ఆ కుర్చీలో కూర్చోండి.
చెయ్యి చాపే ఉంచండి.

పదకొండు మంది ఔనన్నారు.
ఇద్దరు కాదన్నారు:
ముందు మన కొసరు సంగతేమిటి, అని.
అదీ రాశాను.
ఒకాయన ఆ సమయానికి టీ పోసుకుంటున్నాడు.

“చెయ్యి చాపే ఉంచండి” అన్న వాక్యాన్ని
డెస్ కొట్టేయించాడు,
తీర్మానంలా లేదని.
పై నెల సంతకానికి ఇచ్చేముందు
మార్జిన్లో మళ్ళీ రాశాను, తెలుగులో.
ఇదేమిటన్నాడు.
హీటరు గురించి, అన్నాను.
సంతకం పెట్టాడు.