నలభై సెకన్లు

ఆ చప్పుడు బతికేది నలభై సెకన్లు.
తరవాత ఇంజన్ వేడెక్కుతుంది, నోరు కట్టేసుకుంటుంది.
డాక్టరు గుమ్మం తొక్కగానే దిగిపోయే జ్వరం లాంటిది.
నా షెడ్డు దాకా వచ్చేసరికి
ఎర్ర కారు నిద్రపోయే పిల్లిలా గుర్రుమంటుంటుంది, ఏమీ ఎరగనట్టు.

"రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి" అన్నాను హెల్లెవితో.
"హీటరు కట్టేస్తాను. ఈ కేసులో చలే సాక్షి."

కయానీలో జనవరి. మైనస్ ఇరవై రెండు.
రెండే సీట్లు, ఆరు సిలిండర్లు, నేలకు జానెడెత్తు.
ఈ మంచులో ఇలాంటి కారెందుకని ఊరంతా అడిగేసింది.
ముప్పై ఎనిమిదేళ్లు మంత్రసాని పని చేసి
రిటైరైన మర్నాడే కొనుక్కుందట.
ఎందుకో నేనడగలేదు.
నేనడిగింది, చప్పుడు ఎలా ఉంటుందని.

"టకటక."

టకటకల్లో రకాలున్నాయి.
చిటచిట అయితే ఇంజెక్టర్లు, వాటి మామూలు కబుర్లు, వదిలెయ్యొచ్చు.
లొటలొట అయితే చెయిను వదులైంది.
టిక్కుటిక్కు అయితే రాత్రంతా కిందికి జారిన ఆయిలు
వాల్వుల దాకా ఇంకా ఎక్కలేదు.
కటకట అయితే పిస్టన్ గోడను గీరుతోంది,
అప్పుడు కూర్చుని డబ్బు గురించి మాట్లాడుకోవాలి.
ధడధడ అయితే
కూర్చోవడం కూడా దండగ.

ఆవిడ కాఫీ కప్పు మీద చెంచాతో వాయించి చూపించింది.
మొదటిసారి కటకట. రెండోసారి చిటచిట.
చెంచా సాక్ష్యం చెల్లదు.

మొదటి పొద్దున
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొన వాల్వు కవరు మీద పెట్టి విన్నాను.
ఎడమ వరస అని తేలింది. అంతలో నలభై అయిపోయాయి.
రోజుకు ఒక్క ప్రశ్నే అడగనిచ్చే జబ్బు ఇది.

రెండో పొద్దున
ఒక్కో సిలిండర్‌నీ ఆపి విందామనుకున్నాను,
రెండో దాని దగ్గరే చప్పుడు జారుకుంది.
ప్లగ్గు కన్నంలోంచి సన్నటి కెమెరా దింపాను.
గోడలు అద్దాల్లా ఉన్నాయి, ఒక్క గీత లేదు.
గీత ఉంటే బాగుండుననిపించింది ఒక్క క్షణం,
చెప్పడానికి సిగ్గే.

మూడో పొద్దున హెల్లెవి తనే వచ్చింది.
కోటు జేబులోంచి చెక్క గొట్టం తీసింది,
కడుపులో బిడ్డ గుండె వినేది.
చెవి ఆనే చోట అరిగి తేనెరంగుకొచ్చింది.
"తాళం తిప్పు."

ఇంజన్ ఒణికి లేచింది.
ఆవిడ వంగి గొట్టం ఒకచోట ఆనించింది, ఆగింది.
పెదాలు లెక్కపెడుతున్నట్టు కదిలాయి.
ఇంకోచోట. ఇంకాస్త కింద.
ముప్పై ఒకటో సెకనుకి తలెత్తింది.
"లోపల కొట్టుకునేది కాదిది, రైమో.
ఊపిరి. బయటికి పోతోంది."

టకటక కాదు.
తుస్, తుస్, తుస్.
మూడు రోజులుగా నేను ఇనుము గొంతు వెతుకుతున్నాను,
మాట్లాడుతున్నది గాలి.

కింద దూరి లైటు వేశాను.
ఎగ్జాస్టు మానిఫోల్డు చివరి బోల్టుకు తల లేదు.
పక్కన సన్నటి మసి, కాటుక చెదిరినట్టు.
చల్లగా ఉన్నంతసేపు సందు తెరుచుకునుంటుంది,
వేడికి లోహం ఒళ్లు విరుచుకుంటే మూసుకుంటుంది.

విరిగిన ముక్క పీకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.
రెండు డ్రిల్లు బిట్లు, కొన్ని బూతులు.
బిల్లు కట్టి ఆ ముక్క అడిగి తీసుకుంది,
అరచేతిలో తూచింది, అలవాటు కొద్దీ.

ఆవిడ వెళ్లాక నా వ్యాన్ స్టార్ట్ చేశాను.
మూడు చలికాలాలుగా అందులో ఏదో ఉంది,
అది మొదలవగానే రేడియో పెంచుతాను.
ఇవాళ రేడియో కట్టేశాను.
గరగర?
కాదు.
ఇంకా మాట దొరకలేదు.