జాగ

మలక్‌పేట చౌరస్తాల నేను చెయ్యెత్తితే
సిటీ బస్సు ఆగుతది, ఆటో ఆగుతది,
పెండ్లి బరాత్‌ల గుర్రం సుత ఆగుతది.
ఇంట్ల జానెడు కుక్క ఆగదు.

పల్లికాయ లెక్క పొడుగ్గ, పొట్టికాళ్లతోటి,
కడుపు నేలకు రాసుకుంట వచ్చింది మూడు నెల్లప్పుడు.
అందుకే పల్లి అని పిలిచినం.
పశువుల డాక్టరమ్మ ముందే చెప్పింది:
"బొరియల్ల జొచ్చి కొట్లాడే జాతి ఇది.
ఎవ్వరి మాట వినది. కొట్టకు. ఓపిక వట్టు."
ఓపిక!
తొమ్మిదేండ్లు ట్రాఫిక్‌ల చేసినదానికి చెప్తున్నది.

బాల్కనీల పేపర్ పరిస్తే
హెడ్డింగులు చదివినట్టు సుట్టూ తిరిగి
లోపలికొచ్చి నా బూట్ల పక్కన ఒంటికి పోసింది.
ఇగ రెండు గంటలకోసారి మూడంతస్తులు దిగుడు, ఎక్కుడు.
లిఫ్ట్ బోనాల నాటి సంది ఖరాబే.
పొట్టికాళ్లకు మెట్లు దిగరావు, సంకనెత్తుకోవాలె.
కిందికి పోతే గడ్డి వాసన సూస్తది,
స్కూటర్ టైరు వాసన సూస్తది,
వాచ్‌మన్ ఓదెలు చెప్పుల వాసన సూస్తది,
పని మాత్రం చెయ్యది.
పైకొచ్చి తలుపు తియ్యంగనే
గడప మీద.

ఒకనాడు గట్టిగ ఒర్రిన.
అప్పటి సంది బీరువా ఎనక పోసుడు వెట్టింది.
తప్పు మానలే,
కనవడుడు మానింది.

బీరువా జరిపి ఫినాయిల్‌తోటి తుడుసుకుంట
నవ్వొచ్చింది. నవ్వు గాదది.
పొద్దుగాల ఆరు నుంచి రెండు దాక
నేను నిలవడే చౌరస్తాల
మొగోళ్లకు గోడలున్నయి.
నేను నీళ్లు తాగ, అంతే.
ఎండకాలం గూడ సీసా మూత తియ్య.
పెట్రోల్ బంకుల బాత్రూముకు తాళమేస్తరు,
"స్టాఫ్‌కే మేడమ్" అంటరు.
నాకెవ్వరు నేర్పిన్రు ఆపుకునుడు?
ఎవ్వరు ఒర్రలే, ఎవ్వరు కొట్టలే,
నేర్చుకున్న.

ముసురు వట్టిన రాత్రి, రెండు గంటలకు,
గొడుగు దానికి వట్టి నేను తడిసిన.
శానా సేపు వాననే తిట్టినట్టు మొరిగింది.
కరెంటు స్తంభం కాడ మట్టిల
అటు మూడు సార్లు, ఇటు ఒకసారి తిరిగి
కూసున్నది.
ఊపిరి బిగవట్టి సూసిన.
"శెభాష్ పల్లీ, శెభాష్ బిడ్డా" అని సప్పట్లు కొడితే
ఓదెలు లేచి మొఖం మీద టార్చి ఏసిండు.

తెల్లారి పదకొండు గంటలకు
సిగ్నల్ ఆటోమేటిక్‌ల వెట్టి
బంకు కాడికి పోయి తాళంచెవి అడిగిన.
మేనేజర్ లేడన్నడు పిలగాడు. మల్ల అడిగిన.
చెవి యాడుందో తెల్వదన్నడు.
పట్టీ గుంజినా పల్లి ఎట్ల కదలదో
అట్ల నిలవడ్డ,
కడుపు నేలకు ఆనిచ్చినంత బరువుగ.
ఎనక హారన్లు మోగుతున్నయి.
డ్రాయర్ల నుంచి తీసిచ్చిండు.

ఇంటికి వోయేసరికి
తోక ఊపుకుంట ఎదురొచ్చింది.
గడప మీద పచ్చిగ ఉన్నది.
ఏమనలే.
చెంబెడు నీళ్లు గటగట తాగి
ఫినాయిల్ డబ్బా తీసిన.