ఎవరి తాలూకు

వాల్విస్ బేలో గాలి తిరిగిన రాత్రి
ఊరంతా కుళ్ళిన గుడ్ల వాసన.
వెండి చెంచాలు నల్లబడతాయి.
తెల్లారేసరికి ఊపిరాడని రాతిరొయ్యలు
తమంతట తామే ఒడ్డెక్కుతాయి,
పిల్లలు బకెట్లు పట్టుకుని పరుగెడతారు.
సముద్రం కడుపులోది కక్కుకుంది, అంటాడు
డబ్బాల ఫ్యాక్టరీలో చేపలు కోసి కోసి
వేలిముద్రలు అరిగిపోయిన ముసలి షికోంగో.

ఆ కడుపులోంచి తెచ్చిన బురద
మీటరు గొట్టంలో
హెండ్రీనా బల్ల మీద పడుకుని ఉంది.
ముదురాకుపచ్చ. ముట్టుకుంటే జున్నులా వణుకుతుంది.
సన్నటి తీగతో అర సెంటీమీటరుకొక బిళ్ళ కోస్తుంది.
కోసిన ప్రతి బిళ్ళనీ అడిగేది ఒకటే,
పెళ్ళిలో ముసలమ్మ
కొత్త మొహాన్ని గడ్డం పట్టుకుని అడిగినట్టు:
ఏ ఊరు మీది? ఎవరి తాలూకు?

చాలా బిళ్ళలది ఒకే జవాబు.
మేం ఇక్కడివాళ్ళమే.
అడుగు చల్లనీరు పైకి ఉబికినప్పుడు పుట్టి
వారం బతికి
గాజు చొక్కాలతో సహా రాలిపోయినవాళ్ళం.
జల్లెడ కింద పిండిలా
రాత్రీ పగలూ దిగాం.
దారిలో తిన్నవాళ్ళు తిన్నారు,
తిన్నవాళ్ళ రెట్టగా మిగతావాళ్ళం దిగాం.
కింద ఊపిరి లేదు.
ఊపిరి లేనిచోట పురుగు లేదు, తవ్వేవాడు లేడు.
కుళ్ళడానికీ కాస్త గాలి కావాలి కదా,
అందుకే ఇంకా పచ్చగా ఉన్నాం.

మధ్యలో చేప పొలుసులు.
అడుగు నుంచి ఇరవయ్యో సెంటీమీటరు దాకా గుప్పెళ్ళు,
ఆ పైన ఒకటీ అరా,
ఇంకా పైన ఏమీ లేవు.
షికోంగో ఫ్యాక్టరీ మూతపడిన కథ
మూడువేళ్ళ మందం.
దానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు.

ముప్పై ఒకటి దగ్గర తీగ ఆగింది.
గోరంత మందాన గోధుమరంగు చార.
ఎడారి దుమ్మయితే ఇంత ముద్దగా ఉండదు.
యంత్రం రెండు రోజులు నమిలి కాగితం ఉమ్మింది:
సముద్రం తొంభైయేడు, నేల మూడు.
ఆకుల మీది మైనం, ఏదో బెరడు పిప్పి.

"నీ తొడుగుల నుంచో, తిన్న రొట్టె నుంచో పడుంటుంది"
అన్నాడు పెద్దాయన, విమానం టైము చూసుకుంటూ.
మళ్ళీ తీసింది. మళ్ళీ మూడే.

కుయిసెబ్ నది సముద్రం దాకా రాదు.
దారిలోనే ఇసుక తాగేస్తుంది.
ఒక మనిషి బతుకులో ఒకటి రెండుసార్లు
దిబ్బల్ని భుజంతో తోసుకుని వస్తుంది.

ఆదివారం హెండ్రీనా ఎగువకి వెళ్ళింది.
నారా కాయల గుజ్జు ఉడుకుతున్న కుండ పక్కన
అమ్మమ్మ లిడియా.
"వచ్చింది ఒకసారి. మీ అమ్మ నా కడుపులో ఉంది.
వెయ్యి గోనెసంచులు ఈడ్చినట్టు చప్పుడు.
అనా చెట్టు వేళ్ళతో లేచిపోయింది.
గుడిసె తలుపు. పదకొండు మేకలు.
మోకాలిలోతులో నిలబడి
ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచాను."

గరిటె ఆపి, గింజ కొరికి, పొట్టు ఉమ్మి
అడిగింది:
"ఇంతకీ దొరికాయా?"

"మూడు శాతం, అమ్మమ్మా."

"మూడంటే...
ఆ మచ్చలదాని కాలైనా ఉన్నట్టేనా?"

సోమవారం
ముప్పై ఒకటో బిళ్ళ ఎదురుగా
ఎక్కడిది అన్న గడిలో 'నేల' అని రాసింది.
కొట్టేసి 'ఎగువ' అని రాసింది.
ఎవరి తాలూకు అన్నదానికి
ఆ కాగితంలో గడి లేదు.
అంచున, పెన్సిల్‌తో, చిన్నగా
పదకొండు గీతలు గీసింది.
పెద్దాయన చూస్తే అడుగుతాడు.
అడగనీ.