తరుగు

యార్డులో నా మాటే ఆఖరు.
టిక్కీ కాటా ఎక్కుతుంది, అంకెలు వణికి ఆగుతాయి,
నేను అరుస్తాను:
"నలభై రెండు, తరుగు రెండు."
బెల్లంకొండ నుంచి రాత్రంతా బస్తాల మీద కూర్చుని వచ్చిన రైతు
తువ్వాలు ముక్కుకి అదుముకుని తలూపుతాడు.
ఇరవై రెండేళ్ళు.
చుట్టుగుంట దాటితే బస్సంతా తుమ్ముతుంది,
నేను తుమ్మను.
నా ఊపిరితిత్తులకి కూడా లైసెన్సు ఉంది.

మధ్యాహ్నం కమిషన్ కొట్టు వెనక
పండుమిరప పచ్చడి, నూనె, అన్నం.
లేదంటే గేటు బయట బజ్జీలు, నిలబడి,
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి.
ఏం తిన్నావంటే
ధర చెప్పగలను, రుచి చెప్పలేను.
పైన ఒక గ్యాస్ బిళ్ళ. దాని మీద టీ.

కొత్తపేట ఆస్పత్రిలో
గొంతులోకి దీపం దించి
తెర మీద చూపించాడు డాక్టరు. కుర్రాడు.
"ఇదిగోండి, మీ పొట్ట."
ఎర్రగా, అక్కడక్కడా తెల్లగా పాలిపోయి.
చూస్తూనే గ్రేడు కట్టేశాను నాలో నేనే:
తాలు.
కారం మానమన్నాడు.
గుంటూరులో కూర్చుని ఆ మాట అనడానికి
గుండె ఉండాలి.

ఆ వారమే కంచం విసిరాను.
చప్పటి సొరకాయ కూర గోడ మీద జారుతుంటే
పాప తన కంచంలోకే చూస్తూ
మెతుకులు లెక్కపెట్టుకుంది.
మంట పొట్టదో నోటిదో నాకే తెలీలేదు.

శేషు ఏమీ అనలేదు.
తెల్లారి నాలుగున్నరకి లేపి
కత్తిపీట నా ముందుకి జరిపింది. పక్కన బీరకాయలు.
"తరుగు" అంది.
నిద్రమత్తులో నాకు యార్డే వినపడింది.
"ఎంత?" అన్నాను.
నవ్వింది. రెండు నెలల తర్వాత.

మొదటి వారం రెండు వేళ్ళకి పట్టీలు.
తర్వాత్తర్వాత తెలిసింది:
బీరకాయ చేదో కాదో
కొన తుంచి నాలిక మీద పెట్టుకుంటే అదే చెబుతుంది.
దొండకాయ లోపల ఎర్రబడితే పక్కన పెట్టాలి
(ఎరుపంటే రేటనుకునేవాణ్ణి).
మునగాకు మాత్రం కోపంతో కూర్చున్నవాడికి లొంగదు,
గంటసేపు మనిషిని తన దగ్గరే ఉంచుకుంటుంది.
ఆ గంటలోనే మొదటిసారి విన్నాను
లాలాపేట నిద్ర లేచే చప్పుడు:
పాల డబ్బాలు, మసీదు పిలుపు,
పక్కవాటాలో ఎవరో గొంతు సవరించుకోవడం.

కొర్రన్నం. పల్చటి మజ్జిగ.
ఆకలేస్తే కూర్చోవడం,
ఇంకో ముద్ద పట్టేటప్పుడే లేవడం.
సగం అన్నానికి, పావు నీళ్ళకి, పావు ఖాళీ
అనేది మా నాయనమ్మ.
ఇంట్లో లేక అంటోందనుకున్నాను అప్పట్లో.
ఆ పావు ఎవరికే అంటే
"వచ్చేవాళ్ళకి" అనేది.
ఎవరొస్తారో చెప్పకుండానే పోయింది.

ఇప్పుడు పదింటికల్లా కళ్ళు వాలుతున్నాయి,
అప్పుల లెక్క మూడో అంకె దాటడం లేదు.
పాప పుస్తకాలు తెచ్చుకుని
నా పక్కనే పరుచుకుంటోంది, పిలవకుండానే.

గుళ్ళకి తిరిగే మనిషిని కాను.
కానీ మొన్న మధ్యాహ్నం
మజ్జిగన్నం తొలి ముద్ద నోట్లో పెట్టుకుని
కళ్ళు మూశాను, ఎందుకో.
తోడేసిన చెయ్యి, కొర్రలు చెరిగిన చెయ్యి,
ఆ చేతుల వెనక ఇంకేదో, పేరు లేనిది.
ఖాళీగా ఉంచిన పావులోకి
ఎవరో వచ్చి కూర్చున్నట్టయింది.
ఉలిక్కిపడి చూస్తే
బెల్లంకొండ రైతు.

మారిపోయానని కాదు.
శనివారం కరీముల్లాతో ఒక బజ్జీ, సగం సగం.
రాత్రి పొట్ట తిడుతుంది. పడతాను.

నిన్న టిక్కీ కాటా ఎక్కింది.
అంకెలు వణికి ఆగాయి.
"నలభై రెండు, తరుగు..."
నాలిక మీద పొద్దుటి బీరకాయ కొన.
చేదు లేదు.
"...ఒకటి."

కళ్ళద్దాల మీంచి చూశాడు యజమాని.
రైతు తువ్వాలు దించాడు.
ఇరవై రెండేళ్ళ తర్వాత
యార్డు నడిమధ్యలో
నాకు తుమ్ము వచ్చింది.