తొంభై కాడ

తొంభై దాటంగనే తల ఊపుతది బండి,
వద్దు వద్దన్నట్టు.
ములుగు రోడ్డు మీద, ఆరెపల్లి దాటినంక.
ఎనభై దాంక మాత్రం బుద్ధిమంతురాలే.

టైర్లు మార్చిన. గాలి కొలిపిచ్చిన.
వెనక పెట్టెలు ఇప్పి ఇంట్ల పెట్టిన.
ఒకడు చిమటా బుష్‌లన్నడు, ఒకడు స్పోకులన్నడు,
ఒకడు నన్నే సూశి
"నలభై ఆరొచ్చినయి, ఇంకేం స్పీడు సారూ" అన్నడు.

హంటర్ రోడ్డుల మొగిలన్న ఏం మాట్లాడలే.
ఇంజను కింద ఇటుకలు పేర్చి ముందు చక్రం లేపిండు.
చిటికెనవేలుతోని హ్యాండిల్ తిప్పిండు
కండ్లు మూసుకొని, నాడి సూశినట్టు.
నడిమికొచ్చేసరికి
టక్.
ఇటు నుంచి తిప్పినా అటు నుంచి తిప్పినా
సక్కగైన కాడనే టక్.

కోన్‌సెట్ ఇప్పి, గిన్నె తుడిశి
నా అరచేతుల పెట్టిండు.
జొన్నగింజంత గుంటలు, వరుసగ.
"ఇరవయ్యేండ్లు సక్కగనే పోయింది గదా,
సక్కదనం కాడనే అరిగింది."
ఆగి, "గట్టిగ పట్టుకుంటివా?"
"పానం పట్టుకున్నట్టు."
"అందుకే ఇంకింత ఊగింది."

ఇయ్యాల మళ్ల ఆరెపల్లి. తొంభై. తొంభై రెండు.
చేతులు వదులు చేసిన.
బండి ఊగలే.
మీటరు ముల్లే వణుకుతాంది,
దాని సంగతి ఐతారం సూస్తనన్నడు.