బండ వెనక వైపు

పీణ్యాలో స్ప్రింగుల ఫ్యాక్టరీ కూల్చేటప్పుడు
ఇనుముకి ముందే బేరం కుదిరిపోయింది,
తలుపులు ఎవరో పట్టుకుపోయారు.
నేలను అడిగింది మేమొక్కళ్లమే.
నాలుగు వేల రెండు వందల బండలు,
కడప నలుపు, రెండడుగులకు రెండు,
నలభై ఏళ్ల గ్రీజు తాగి
జిడ్డోడుతూ లారీ ఎక్కాయి.

దిగింది మహదేవపురలో,
పదకొండు అంతస్తుల ఆఫీసు లేస్తున్న చోట.
ఇటలీ పాలరాయి అన్నాడు ఓనరు.
ఓడెక్కి వచ్చే రాయి ఎంత పొగ వెంటేసుకొస్తుందో
కాగితం మీద లెక్కేసి చూపింది ఆర్కిటెక్టు శాల్మలి.
ఆయన లెక్క చూడలేదు,
అడుగున ఉన్న మొత్తం చూశాడు.
ఏదైతేనేం, తల ఊపాడు.

నేను స్టోర్ కీపర్ని.
వచ్చినవి, వేసినవి, పగిలినవి, పారేసినవి:
రిజిస్టరులో నాలుగే గడులు.

బండలు కడిగేది ఓబులమ్మ.
రంపపు పొట్టు చల్లి, కుంకుడు పులుసు పోసి
కొబ్బరి పీచుతో రుద్దీ రుద్దీ
ఒక్కో బండలోంచి ఒక్కో మిషన్ను బయటికి లాగేది.
"ఈడ చూడు సార్, ఎవరో దినామూ
ఒంటికాలి మీదే బరువేసి నిలబన్యాడు."
చూశాను. నిజమే, మడమంత గుంట.
గుంటకు గడి లేదు.

పరిచేది ఆమె మొగుడు మద్దిలేటి,
బేతంచెర్ల వాడు.
పుచ్చకాయ బేరగాడిలా
వేలి కణుపుతో బండను కొట్టి వింటాడు.
ఒకరోజు ఒకదాన్ని తిరగేసి
అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు.
వెనక ఉలి గీతలు. మూడు నిలువు, ఒకటి అడ్డం.
గనిలో కూలి లెక్కకి ఎవరి గుర్తు వాళ్లదట.
"మీ నాయనదా?" అన్నాను.
"కాదు. మా నాయనది చేపముల్లు.
ఇదెవురిదో. కూలి ముట్టెనో లేదో."
సున్నం మీద దాన్ని పడుకోబెట్టి
గుర్తు కిందికి పోయేదాకా
చెక్క సుత్తితో మెల్లగా తట్టాడు.

సర్టిఫికెట్టు కోసం వచ్చిన కుర్రాడు
రాయి ఎంత దూరం నుంచి అన్నాడు.
ఇరవై ఆరు కిలోమీటర్లు, రాశాను.
"నన్నడగవేం సామీ?
మూడు వందల నలభై నుంచి వచ్చినా"
అన్నాడు మద్దిలేటి.
కుర్రాడు పాపం ఫారమంతా వెతికాడు.

రెండేళ్లు మేం అరిచే మాట్లాడుకున్నాం,
డీజిల్ జనరేటరు మీదుగా.
ఇప్పుడు పైకప్పు నిండా సోలార్ పలకలు.
జనరేటరు అమ్ముడైన రోజు దస్తగిరి
దాని ఒళ్లంతా తుడిచి మరీ సాగనంపాడు.
ఇప్పుడు బకెట్టు, గుడ్డ పట్టుకుని
పైన ఎండ మీది దుమ్ము తుడుస్తాడు.
"పని సుఖమే భాయ్.
కానీ దీనికి జబ్బు చేస్తే దగ్గదు.
ఎట్లా తెలుస్తాది?"
ఇంకా అరిచే చెబుతాడు.

మా రేకుల షెడ్లకి మాత్రం
ఒకటే వైరు, రాత్రి పదింటికి పీకేస్తారు.

చివరి రోజు కుర్రాడు అడిగాడు:
పగిలినవి?
నూట పన్నెండు.
పారేసినవి?
సున్నా.
నమ్మలేదు. షెడ్ల వైపు తీసుకెళ్లాను.
ఓబులమ్మ గుమ్మం ముందు, లోపల, పొయ్యి చుట్టూ
నల్ల ముక్కలు అంచుకి అంచు కలిసి ఉన్నాయి.
వాటి మీద వాళ్ల పిల్ల సుద్దతో
తొక్కుడుబిళ్ల గీసుకుంది, ఎనిమిది గడులు,
నా రిజిస్టరు కన్నా నాలుగు ఎక్కువ.

మార్చిలో షెడ్లు పీకేస్తారు.
ముక్కలకి కూడా లారీ వస్తుందా అని
ఓబులమ్మ రెండుసార్లు అడిగింది.