ముంచుడు తొట్టి

బారోడేల్ లోయలో ఒకప్పుడు కొండ తవ్వితే
జిడ్డుగా, నల్లగా, వేలికి అంటుకునే రాయి దొరికేదట.
ఏం చేసుకోవాలో తెలియక
గొర్రెల వీపుల మీద గుర్తులు పెట్టుకున్నారు కాపరులు.
తర్వాతెవరో దాన్ని చెక్కలో దూర్చి పెన్సిల్ అన్నారు.

నేను మాంచెస్టర్‌లో, కిటికీ లేని గదిలో,
అలాంటి నలుపునే పొర మీద పొర ఒలిచి
ఇక ఒలవడానికేమీ మిగలని చోట ఆగుతాను.
ఒక్క అణువు మందం. గ్రాఫీన్.
అంత పలుచనిదానికి లోపల అంటూ ఉండదు,
ఉన్నదంతా చర్మమే.
ఏది తగిలినా దానికి తగులుతుంది.

దాని మీద ఒక ఎంజైమును కూర్చోబెడతాను.
మన ఒంట్లో దాని పని చిన్నది:
నరం పంపిన కబురు కండకి చేరాక
ఆ కబురును ఊడ్చేయడం.
పురుగుమందు చుక్క పడితే
ఊడ్చే చెయ్యి పడిపోతుంది,
కరెంటు తగ్గుతుంది,
తెర మీద గీత కిందికి జారుతుంది.
చిప్పు బాగా పనిచేస్తోంది అంటాం మేం
అది మా తాతలాగే జబ్బుపడితే.

జోస్ బర్కెట్, మా అమ్మ నాన్న.
ఏడాదికి రెండుసార్లు గొర్రెల్ని మందునీళ్ళలో ముంచాలి, అది చట్టం.
తొట్టి పక్కన పోలీసు గడియారం పట్టుకుని నిలబడేవాడు,
ఒక్కో గొర్రె నిండా నిమిషం నానాలని.
తాత మోచేతుల దాకా అందులోనే.
ఆయన ఎంతసేపు నానాడో
ఏ గడియారమూ చూడలేదు.

ఆ చలికాలం గుండీలు పట్టు తప్పాయి.
పదేళ్ళ మా అమ్మ రోజూ ఆయన చొక్కాకి గుండీలు పెట్టేది.
యాన్, టాన్, టెథెరా అని గొర్రెల్ని లెక్కపెడుతూ
టెథెరా దగ్గర ఆగిపోయి
దొడ్డి గోడ మీద కూర్చుని ఏడ్చేవాడట.
మందు ఎక్కువైందేమో, అన్నాడు కెజిక్ డాక్టరు.
నిజమే. మందే.
ఆ మందు కాదు.

మొన్న అక్టోబరులో సంచిలో చిప్పులు వేసుకుని వెళ్ళాను.
కొట్టంలో, ఉన్ని గోనెల వెనక, పాత డబ్బా ఒకటి,
పేరుని తుప్పు తినేసింది,
అడుగున రెండు వేళ్ళ మందాన ఇంకా ఉంది.
రెండు జతల చేతి తొడుగులు వేసుకుంటే తాత నవ్వాడు:
"మాకు ఆప్రాన్ ఇచ్చారు, నడుం దాకా."
చుక్కని వెయ్యోవంతుకి పలచన చేసి
చిప్పు మీద వేశాను.
ఇద్దరం తెర చూస్తూ కూర్చున్నాం.
బయట వాన మొదలై ఆగింది.
గీత పడింది.

చెప్పాల్సింది చెప్పాను:
ఇది డబ్బాలో ఏముందో చెబుతుంది, తాతా,
నీ ఒంట్లో ఏం జరిగిందో చెప్పదు.
ఆ సాక్ష్యం నీ రక్తంలోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
గోనె మీంచి ఉన్ని పోగు పీకి
వేళ్ళ మధ్య నలుపుతూ ఉన్నాడు.
"డబ్బాకి జవాబు దొరికింది, అదీ మంచిదేలే," అన్నాడు.

సీసా మీద తేదీ వేస్తానని నా పెన్సిల్ అడిగాడు.
రాశాడు.
అంకెల అంచులు వణికాయి,
తెర మీద నా గీత, ఎంత శుభ్రం చేసినా,
దగ్గరికెళ్ళి చూస్తే వణికినట్టే.
నేనది నాయిస్ అని రిపోర్టులో తీసేస్తాను.
ఈసారి తీయలేదు.

వచ్చేస్తుంటే గేటు దాకా వచ్చి అన్నాడు:
"తొట్టి నీళ్ళు వాగులోకే వదిలేవాళ్ళం. రేపు అక్కడా చూడు.
తర్వాత పై పొలం ఐజక్ ఫ్లెమింగ్ దగ్గరికి వెళ్ళు.
వాడు ఏమీ చెప్పడు.
టీ అడుగు.
కప్పు ఎలా పట్టుకుంటాడో చూడు."